తాలు ఏరే మామయ్య, లాంతరు పిల్ల

"చిలగడదుంప ముక్క పాప గొంతుకి అడ్డం పడితే?"

ఉడకబెట్టి, చిదిమి, జల్లెడ పట్టిన చిలగడదుంపలో ముక్కంటూ ఉండదని మా ఆయన ప్రేమ్‌చంద్ అంటాడు. జల్లెడకి ఎక్కడో చిల్లు పడి ఉంటే, అని నేనంటాను. దీనికి జవాబు ఒకే ఒక్క మనిషి దగ్గర ఉంది. ఆయన మా మేనమామ భావనారాయణ. ఆ జవాబు ఇది: "అది తాలు. ఏరి పక్కన పొయ్యి."

మామయ్య లెక్కలో సృష్టిలో ఉన్నవి రెండే రకాలు, కాయ, తాలు. మిరపకాయలు కళ్లంలో ఎండాక రంగు చచ్చి తెల్లబడినవాటిని ఏరి వేరే కుప్ప పోస్తారు. అదే తాలు. మా వైపు ప్రతి మిరప రైతూ చేయించే పనే ఇది. కాకపోతే మిగతావాళ్లు కళ్లంలోనే ఆపుతారు. మామయ్య భోజనాల్లో కరివేపాకు, లవంగాలు, మెంతి గింజలు ఏరి విస్తరి చివర ఎంత ముచ్చటగా కుప్ప పోస్తాడంటే, ఒక పెళ్లిలో వడ్డించే కుర్రాడు ఈ కూర మా దగ్గర లేదే అని వెనక్కి పరుగెత్తాడు. పన్ను నొప్పని వెళ్లి, డాక్టరు ఒకటి పీకాక, "పక్కదీ తాలే, పనిలో పనిగా ఏరెయ్యండి" అన్నాడు. అది గట్టి పన్ను అని డాక్టరు బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఎవరింటికి వెళ్లినా అంతే. గుమ్మంలో నిలబడి, కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టినట్టు, ఇల్లంతా ఒకసారి చూస్తాడు. "ఆ గడియారం తాలు."

"అది నడుస్తోంది మామయ్యా."

"తప్పు టైము నడుస్తోంది. ఇంకా తాలు."

గుంటూరు మిర్చి యార్డులో సరుకు దించి ఖాళీగా తిరిగెళ్లే తన ట్రాలీ ఆటోలో దాన్ని ఎక్కించుకుని పోతాడు. వాళ్ల ఊళ్లో పేరయ్య గారి వరండాలోంచి కుట్టు మిషనే ఎత్తుకుపోయాడు. పేరయ్య గారు ఒక్క మాట అనలేదు సరికదా, మజ్జిగ ఇచ్చి మరీ పంపారు. మామయ్య నోటికి జడిశారనుకున్నాం.

మా ఇంట్లోంచి ఆయన తీసుకెళ్లింది ఊయల. బిడ్డ పుట్టకముందు ఊయల కొనకూడదని అమ్మ చెప్పింది. నేను బయోకెమిస్ట్రీ చదివిన దాన్ని, ఎగుమతి మిర్చిలో పురుగుమందుల అవశేషాలు కొలిచే ల్యాబులో పనిచేసేదాన్ని. వినకుండా టేకు ఊయల కొన్నాను. ఐదో నెలలో బిడ్డ దక్కలేదు. ఊయల మిగిలింది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ప్రేమ్‌చంద్ దాని మీద దుప్పటి కప్పాడు. దుప్పటి కప్పిన ఊయల మామూలు ఊయల కంటే పెద్దగా కనిపిస్తుందని అప్పుడు తెలిసింది.

మామయ్య వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు, చూశాడు. "ఇది తాలు."

"దాని జోలికి రావద్దు మామయ్యా."

ఆయన విన్నట్టు లేడు. దుప్పటితో సహా ఎత్తి ట్రాలీలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ మిర్చి సీజను అయిపోయేదాకా నేను ఆయన ఫోను ఎత్తలేదు.

మళ్లీ నెల తప్పాక డాక్టరమ్మ మంచం దిగొద్దంది. పడుకుని ఉన్న మనిషికి భయపడటం తప్ప పనేముంటుంది? ప్రేమ్‌చంద్ ట్యాబులో ఒక ఆట పెట్టిచ్చాడు. కార్డులతో ఆడే ఆట. ఒక పాడుబడ్డ కోట పైదాకా ఎక్కాలి. దారిలో భూతాలు ఎదురవుతాయి. మన కట్టలోంచి ప్రతి వంతుకీ కొన్ని కార్డులు చేతికొస్తాయి, వాటితోనే కొట్టాలి, కాచుకోవాలి. గెలిచిన ప్రతిసారీ మూడు కొత్త కార్డులు చూపిస్తారు. ఒకటి తీసుకోవచ్చు, అన్నీ వదిలేయనూవచ్చు.

నేను ఒక్కసారీ వదల్లేదు. ఎందుకైనా మంచిదని ప్రతిసారీ ఒకటి తీసుకున్నాను. నా కట్ట కందిరీగల తుట్టెలా పెరిగింది. డాలు కావలసినప్పుడు కత్తి వచ్చేది, కత్తి కావలసినప్పుడు పాముకాటు మందు వచ్చేది. కోట మెట్లు సగం కూడా ఎక్కకుండానే రోజూ చచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం వీధిలో ట్రాలీ చప్పుడైంది. మామయ్య లోపలికి వచ్చి, నేను అన్నాళ్లు ఫోను ఎత్తని సంగతే లేనట్టు మంచం పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఏంటే అది, పేకాటా?"

"కాదు మామయ్యా, కోట ఎక్కాలి."

"చచ్చిపోతే?"

"మళ్లీ మొదటి నుంచి. సంపాదించిన కార్డులన్నీ పోతాయి. దారి కూడా మారిపోతుంది."

"దాచుకోవటం ఉండదా?"

"ఉండదు."

"మిరప చేనన్నమాట," అని చెప్పులు విడిచి స్థిరపడ్డాడు.

దారిలో సంచి వేసుకున్న వ్యాపారి ఒకడు కనిపిస్తాడు. వాడికి నాలుగు నాణేలిస్తే మన కట్టలోంచి ఒక కార్డు పట్టుకుపోతాడు. ఒక్కటే. మామయ్యకి ఇది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"డబ్బు పుచ్చుకుని, మనదే పట్టుకుపోతాడా?"

"అవును. పనికిరాని కార్డులు తగ్గితే మంచివి త్వరగా చేతికొస్తాయి."

"ఎవరే ఈ మహానుభావుడు? మనోడే," అంటూ ట్యాబు నా చేతిలోంచి లాక్కున్నాడు.

అప్పటినుంచి యార్డుకి వచ్చిన ప్రతిసారీ ఆటకి కూర్చునేవాడు. ఆటలో మనం ఎంచుకోవడానికి ముగ్గురుంటారు. కమ్మరి ముందు కొట్టి తర్వాత ఆలోచిస్తాడు. మందులమ్మ పైకి ఏమీ అనదు, ఎదుటివాడిలోకి విషం చుక్క చుక్కగా ఎక్కిస్తుంది.

"రోజూ కొంచెం కొంచెం. ఆఖరికి మగాడు నిలువునా పడిపోతాడు. అచ్చం మీ అత్తయ్యే," అన్నాడు మామయ్య.

జేబులోని ఫోనులోంచి వెంకటేశ్వరమ్మ అత్తయ్య గొంతు వినిపించింది. "నేను లైన్లోనే ఉన్నానండీ."

మామయ్య వెంటనే కమ్మరికి మారాడు. కనిపించిన ప్రతి కత్తినీ తాలన్నాడు. వ్యాపారి ఎదురైనప్పుడల్లా ఒకటి ఇచ్చేశాడు. చివరికి కట్టలో డాళ్లే మిగిలాయి. ఒక కప్ప భూతం ఎదురైంది. అది కొడుతుంది, మామయ్య కాచుకుంటాడు. మామయ్య కొట్టలేడు, కప్ప చావదు. కాఫీ తాగి, పెరుగన్నం తిని వచ్చినా అదే కప్ప.

"ఇద్దరికీ దెబ్బ తగలట్లేదుగా, రాజీ పడదామని చెప్పవే."

"అది కప్ప మామయ్యా."

ఇంకా రాలేదేమని అత్తయ్య ఫోను చేస్తే, "కప్ప వదలట్లేదే" అన్నాడు.

మూడోది లాంతరు పిల్ల. దాన్ని నేను ఎప్పుడూ ఎంచుకోలేదు. దాని చేతిలో కత్తి లేదు. ప్రతి వంతుకీ ఒక దీపం వెలిగిస్తుంది, అంతే. దీపాలన్నీ వెలిగేదాకా మనం కాపాడుకోగలిగితే ఆ వెలుగుకి ఏ భూతమూ నిలవదు. చాలాసార్లు అవి వెలగకముందే పిల్ల పడిపోతుంది.

"ఈ పిల్లతో ఆడదాం," అన్నాడు మామయ్య.

"వద్దు మామయ్యా."

"ఎందుకు?"

"పోతుంది."

ఆయన నా వైపు చూడలేదు. తెరనే చూస్తూ, "పోతే మళ్లీ నారు పోద్దాం. పట్టు," అన్నాడు.

పిల్ల రెండో మెట్టు మీద పోయింది. "నారు పోద్దాం, పట్టు." గబ్బిలాల గదిలో పోయింది. "పట్టు, పట్టు." నా కడుపులో ఉన్నది కదిలితే నాకు భయం, కదలకపోతే ఇంకా భయం. కానీ తెర మీద దీపం వెలిగినప్పుడల్లా ఆ చిన్న పసుపు చుక్కని కాపాడాలని ఎంత తహతహలాడేదాన్నో! అంతసేపూ వేరే భయానికి చోటుండేది కాదు.

మెల్లగా మాకొక పద్ధతి కుదిరింది. ఆయన తీసేయమంటాడు, నేను ఆపుతాను.

"ఈ చిట్టి డాలు తాలేగా?"

"కాదు మామయ్యా, అది లేకపోతే దీపం ఆరిపోతుంది."

"నువ్వు చెబితే కాయే."

ఒకరోజు గెలిచాక చూపించిన మూడు కార్డులనూ నేను వద్దని వదిలేశాను. మొదటిసారి. మామయ్య భుజం మీద తువ్వాలు తీసి గట్టిగా దులిపి మళ్లీ వేసుకున్నాడు. ఆయన చప్పట్లు అలాగే ఉంటాయి.

కోట పైకప్పు మీద, ఆఖరి భూతం ముందు, ఇంకొక్క దీపం వెలగాల్సి ఉండగా నాకు నొప్పులు మొదలయ్యాయి. ప్రేమ్‌చంద్ ఆఫీసులో ఉన్నాడు. మామయ్య నన్ను ట్రాలీ ముందు సీట్లో కూర్చోబెట్టి ఆస్పత్రికి తోలాడు. యార్డు ఘాటంతా ఆ బండిలోనే ఉంది. నేను అరవకముందే నర్సులు తుమ్మారు.

పాప పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. డాక్టరమ్మ అంతా బాగానే ఉందని చెప్పినా నేను నమ్మక ఇంకోసారి చెప్పించుకున్నాను.

ఇంటికి వచ్చిన రోజు వాకిట్లో ట్రాలీ ఆగింది. దాని మీద టేకు ఊయల. కొత్తగా నూనె పట్టించి ఉంది. చెద పట్టకుండా లోపల పరిచిన వేపాకు ఇంకా వాసన వేస్తోంది.

అత్తయ్య నా పక్కన నిలబడి మెల్లగా చెప్పింది. "మా కొట్టుగది నిండా ఊళ్లోవాళ్ల తాలేనమ్మా. భార్య పోయాక పేరయ్యన్నయ్య ఆ కుట్టు మిషన్ని చూసినప్పుడల్లా అన్నం మానేసేవాడు. మొన్న వాళ్లమ్మాయి అడిగితే ఈయనే బాగుచేయించి ఇచ్చొచ్చాడు."

"పారేశావనుకున్నాను మామయ్యా," అన్నాను.

"తాలు ఎవరన్నా పారేస్తారటే? పక్కన పోస్తారు. దానికీ ఒకరోజు రేటొస్తది." తువ్వాలు దులిపాడు. "దుప్పటి మాత్రం అచ్చంగా తాలు. మీ అత్తయ్య పీలికలు చేసింది."

ఇప్పుడు మేం ప్రేమ్‌చంద్ ఆఫీసుకి దగ్గరని మంగళగిరి వచ్చేశాం. మామయ్య ట్రాలీ ఇటు రాదు. మధ్యాహ్నం వీధిలో ఏ బండి ఆగినా చెవి అటే పోతుంది. ఆఖరి దీపం ఇంకా వెలిగించలేదు. ఆయన వచ్చాక వెలిగిద్దామని ట్యాబులో ఆ ఆట అలాగే ఉంచాను. ఫోను చేసి, "లాంతరు పిల్ల ఏం చేస్తుందే?" అని అడుగుతాడు. ఆటలోదాన్ని కాదు, మా పాపని.

మొన్న చిలగడదుంప గురించి చెప్పాను. దగ్గు గురించి, జల్లెడ గురించి, కిటికీ ఊచల గురించి కూడా చెప్పి, "ఈ భయాలన్నీ ఒకేసారి తీసిపారేయమంటావా మామయ్యా?" అన్నాను.

"వద్దమ్మాయ్. అన్నీ తీసేస్తే కప్పతో నేను ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటావు. కొంచెం భయం ఉంటేనే పిల్లని చూసుకుంటావు."

"మరేం చెయ్యను?"

ఆయన చెప్పింది విన్నాను, అదే చేస్తున్నాను. ఇవాళ జల్లెడ అటక ఎక్కింది. పాప చిలగడదుంప ముద్ద చేత్తోనే తిని, మిగిలింది ఊయలకి పూసింది. కిటికీ ఊచల సంగతి రేపు.

"రోజుకొక్కటి ఏరు తల్లీ. అదీ పారెయ్యమాక, పక్కన పెట్టు."