కావడి కొలత

సోంబరు మా కాలేజీ లైబ్రరీలో అటెండరు, కొండమీది పల్లెవాడు. పాతికేళ్ళలో నాలాంటి లైబ్రేరియన్లు ఎందరో వచ్చారు, పోయారు. ఆయన ఉన్నాడు. చదువు రాదు. అయినా చీటీ మీద అంకె చూశాడంటే చాలు, నేను కంప్యూటరు తెరిచేలోపు పుస్తకం బల్లమీద ఉంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

గంగ డిగ్రీలో చేరాక ఆయనకు పని పెరిగింది. ఆ అమ్మాయిది చక్రాల కుర్చీ. లైబ్రరీకి తొమ్మిది మెట్లు. కింద సిల్వర్ ఓక్ నీడన ఆగి చీటీ రాసిస్తే సోంబరు పుస్తకం తెచ్చేవాడు. అది కాదంటే మళ్ళీ ఎక్కేవాడు. ఏడాదిగా ఇదే వరస. లోపల ఎలా ఉంటుందో గంగ చూడనేలేదు.

లైబ్రరీని బాగుచేయడానికి అనుమతి వచ్చినప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే, ఎవరొచ్చినా ఒకే వాకిట్లోంచి రావాలి. బీరువాల మధ్య కుర్చీ తిరగాలి, పుస్తకాలు కూర్చున్నవాళ్ళకీ అందాలి అంటే ఇంజినీరు రవికుమార్ సరేనన్నాడు. ర్యాంపు మాత్రం వెనక స్టోర్‌రూమ్ పక్కన పెట్టాడు. ఎంత వాలు ఉంటుందో దారం కట్టి చూపించాడు. నిచ్చెనకి కాస్త తక్కువ.

"ముందువైపు అంత పొడుగు జాగా లేదు మేడమ్. ఎవరో ఒకరు తోస్తారులెండి," అన్నాడు. సాయంత్రానికి ప్లాను పంపాలట. అది అలాగే వెళ్తే గంగ చదువు ముగిసేదాకా ఒకరు తోస్తేనే రావాలి, అదీ దొడ్డిదారిన. నాకసలే ముక్కుమీద కోపం. ఏమన్నానో ఇక్కడ రాయను.

సోంబరు ఆ దారంకేసి చూశాడు. "ఇదేటి బాబూ, నీలు మోసుకుని ఈ దారంట ఎవులెక్కుతారు?" అని క్యాంటీన్‌కి వెళ్ళి కావడి తెచ్చాడు. రెండు బిందెలూ అంచుదాకా నింపి భుజానికెత్తుకున్నాడు. మెట్ల పక్కనున్న మట్టిగట్టు మీద అడ్డంగా నడవసాగాడు. నీళ్ళు తొణికితే వెనక్కొచ్చి ఇంకాస్త పక్కగా ఎక్కేవాడు. వెనకే సున్నం చల్లుతూ రమ్మన్నాడు. నేను డబ్బా పట్టుకుని ఆయన అడుగుల వెంటే నడిచాను. రెండుచోట్ల ఆగి భుజం మార్చుకున్నాడు, అక్కడే మలుపు తిరిగాడు. దారి మెలికలు తిరిగి సరిగ్గా ముందు వాకిలి దగ్గర ఆగింది.

"నీలు తొణక్కపోతే గుంట ఒక్కత్తీ ఎక్కుతాది," అన్నాడు, గంగ ఆగే చెట్టుకేసి చూసి.

రవికుమార్ టేపుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల దూరం. "మాకు నేర్పిన లెక్క ఇదే మేడమ్. ఆయన భుజం మార్చుకున్న చోట్లే కుర్చీ ఆగడానికి చదును వెయ్యాలి," అన్నాడు, గొంతు తగ్గించి.

పుట్టిందగ్గర్నుంచీ నీళ్ళు మోస్తూ కొండ ఎక్కిన మనిషి ఒంట్లో ఇంత లెక్క ఉందని, ఆరేళ్ళు పక్కనే ఉండి కూడా నేను గమనించలేదు. రవికుమార్ పాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అక్కడే మెట్లమీద కూర్చుని కొత్తది గీశాడు.

ర్యాంపు తెరిచేసరికి గంగ ఆఖరి ఏడాదిలో ఉంది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది. మలుపుల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. వాకిట్లో సోంబరు అలవాటుగా చీటీ కోసం చెయ్యి చాచాడు.

"సీటీ లేదు మావా. నువ్వు కూకో, నానే ఎతుక్కుంటాను," అంది.

సోంబరు కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు.