సూటు తొడిగిన అయ్యగారు

మా తార్నాక సంఘానికి చాలా ఏళ్లు కాపరిగా ఉన్న అయ్యగారు చనిపోయిన వారం రోజులకు, జ్ఞాపకార్థ కూడిక ఏర్పాట్ల కోసం కమిటీ కూర్చుంది. యూనివర్సిటీలో తెలుగు చెప్తాను కాబట్టి నన్నూ పిలిచారు.

"మేడం, మీరు మాట్లాడేది గొప్పగ ఉండాలె. అయ్యగారు కోపం ఎరుగని మనిషని చెప్పుండ్రి," అన్నారు సెక్రటరీ గారు. ఆయనది లాలాపేట్. కిందటి క్రిస్మస్‌కి మైకు సెట్టు ఆలస్యమైనందుకు అయ్యగారు అందరి ముందూ ఈయన్నే తిట్టారు. ఆ సంగతి కమిటీలో అందరికీ గుర్తుంది. అయినా అందరూ తలలూపారు.

చిక్కల్లా ఫోటో దగ్గర వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేసేటప్పుడే జనం ఫోన్లు ఎత్తేవారు కాబట్టి, ఉన్న ఫోటోలన్నిటిలోనూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. కళ్లు తెరిచి ఉన్నది ఒక్కటే దొరికింది. అది సంఘం పిక్నిక్‌లో, బనీను మీద, చేతిలో కోడి కాలుతో తీసింది. సెక్రటరీ గారు దాన్ని నల్లకుంటలో ఒక ఫ్లెక్సీ షాపుకి పంపి, తల మాత్రం ఉంచి మిగతాది మార్చమన్నారు.

కూడిక రోజు గేటు పక్కన ఫ్లెక్సీ నిలబెట్టారు. నల్ల సూటు, ఎర్ర టై, వెనక మబ్బులు, రెండు పావురాలు. ముఖం రెండు మూడు ఛాయలు తెల్లబడింది. నోట్లో ముక్క ఉండగా తీసిన ఫోటో కావడంతో ఒక బుగ్గ ఉబ్బి ఉంది. దాన్ని మాత్రం సూటు కూడా ఏమీ చేయలేకపోయింది.

క్యాంపస్‌లో టీ బండి నడిపే ఆయన బండి మూసేసి వచ్చాడు. ఫ్లెక్సీ చూసి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"మేడం, కూడిక మన అయ్యగారిదేనా? గీడ వేరేటాయన ఫోటో ఉన్నది."

ఆయన తప్పు లేదు. డాక్టరు రోజూ నడవమంటే అయ్యగారు క్యాంపస్‌కి వచ్చేవారు, సరిగ్గా ఆ టీ బండి దాకా నడిచేవారు. పొట్టి చేతుల చొక్కా, తోలు చెప్పులు, చలికాలమైతే మంకీ క్యాప్. దేవుడు లేడని వాదించే విద్యార్థులతో అక్కడే వాదన పెట్టుకుని, ఓడిపోయి, ఆ కోపంలోనే వాళ్లను ఆదివారం భోజనానికి పిలిచేవారు. వాళ్లు ప్రసంగం అయిపోయే వేళ చూసుకుని వచ్చేవారు.

అంతలో అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, వచ్చారు. తెల్ల చీరలో, కొంచెం చిక్కిపోయి, ఫ్లెక్సీ ముందు ఆగారు. చాలాసేపు చూశారు. సెక్రటరీ గారు చేతులు నలుపుకుంటూ, "ఎట్లున్నది అమ్మగారు?" అన్నారు.

"బాగున్నాడయ్యా. ఈయనెవరో నా పెళ్లిచూపులప్పుడే తగిలుంటే ఎంత బాగుండేది," అన్నారు ఆమె. నవ్వాలో వద్దో తెలియక అందరం నేల చూశాం.

కూడిక మొదలైంది. ఒక సంఘ పెద్ద చేసిన ప్రారంభ ప్రార్థనే అరగంట సాగింది. "దేవుడికి చెవుడు లేదు, తొందరగా ముగించండి," అని మందలించే అయ్యగారు లేకపోవడంతో ఆ పెద్దమనిషికి అడ్డు లేకుండా పోయింది. తర్వాత వక్తలు వరసగా లేచారు. ఒకరు అయ్యగారిని శాంతమూర్తి అన్నారు. ఒకరు మితాహారి అన్నారు. మూడో ఆయన మధుర గాయకుడు అనేసరికి, కీబోర్డు వాయించే అమ్మాయి చున్నీలో ముఖం దాచుకుంది.

అమ్మగారు లేచి మైకు అడిగారు. కార్యక్రమంలో ఆమె మాటలు లేవు. పెట్టాలని ఎవరికీ తోచలేదు.

"ఇందాకటి నుంచి మీరు చెప్తున్నాయన మంచివాడిలాగే ఉన్నాడు. నాకు పరిచయం లేదు," అన్నారు. "మా ఆయనకి కోపం ఎక్కువ. తిండి ఎక్కువ. పాట రాదు, పాడకుండా ఉండటమూ రాదు. ఆయన్ని ఎరిగున్నవాళ్లు ఎవరన్నా ఉంటే మాట్లాడండి. నాకు వినాలనుంది."

చివరికి లేచింది సెక్రటరీ గారే.

"నన్ను మస్తు తిట్టిండు," అన్నారు. "నాకు మా తమ్మునికి మాటల్లేకుండె. ఒకరోజు గల్లీల అందరు చూస్తుండగనే తిట్టి, చెయ్యి పట్టుకొని కాచిగూడల మా తమ్మునింటికి గుంజుకపోయిండు. పోయి, ఆకలైతున్నది, అన్నం పెట్టుమన్నడు. తిన్నడు. మేం మాట్లాడుకుంటలేమని మల్ల పెట్టించుకొని తిన్నడు. ఇంకింత తింటే ఆయనకేమన్న అయితదేమోనని, భయానికి నేనే ముందుగాల మా తమ్ముణ్ణి పలకరించిన."

అమ్మగారు పగలబడి నవ్వారు. దాంతో హాలంతా నవ్వింది. సెక్రటరీ గారు మాత్రం నవ్వలేదు, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని కూర్చున్నారు.

నా వంతు వచ్చినప్పుడు మా అమ్మ సంగతి చెప్పాను. ఆసుపత్రిలో అమ్మ తిండి మానేసి గోడకు తిరిగి పడుకున్న రోజుల్లో అయ్యగారు వచ్చి ఒక్క నిమిషం ప్రార్థన చేశారు. తర్వాత కుర్చీ లాక్కుని, అమ్మ కోసం తెచ్చిన బత్తాయిలు ఒలుచుకుని తింటూ లోకం కబుర్లన్నీ చెప్పారు. ఆఖరి బత్తాయి ఒలుస్తుంటే అమ్మ ఇటు తిరిగి, "అయ్యగారూ, ఒక తొన నాకూ ఉంచండి," అంది. ఆయన సగం ఇచ్చారు. ఆ సగం కూడా కాస్త అయిష్టంగానే.

నా తర్వాత ఎంతమంది లేచారో చెప్పలేను. ఒకప్పుడు ఆయన్ని వాదనలో ఓడించిన కుర్రాడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేస్తున్నవాడు, మైకు పట్టుకుని ఏమీ మాట్లాడలేక దిగిపోయాడు. వండించిన బిర్యానీ చల్లారిపోయింది. ఎవరూ కదలలేదు.

సాయంత్రం అమ్మగారిని ఇంటిదాకా నేనే తీసుకెళ్లాను. తాళం తీసి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"లోపలికి రామ్మా, టీ తాగి వెళ్దువుగాని," అన్నారు. "ఒక్కదాన్నే వెళ్లి లైటు వేసుకోవడం ఇంకా అలవాటు కాలేదు."

నేను ముందు నడిచి లైటు వేశాను.