గిద్దలూరు బస్సులో ఆల్టర్నేటర్

ఇంటి దగ్గర కారు ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్యాటరీకి మీటరు పెట్టి చూశాను. వోల్టేజి పెరగడం లేదు. బెల్టు బాగానే ఉంది, ఆల్టర్నేటరే పోయింది. దాన్ని విప్పేసి, మార్కాపురం వెళ్లి కొత్తది కొని, ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక నడివయసు ఆడమనిషి కూర్చుంది. మేకలు కాస్తానని చెప్పింది. "ఏంది నాయనా ఆ బరువు?" అని అడిగింది.

"కారుది పెద్దమ్మా. బ్యాటరీకి కరెంటు ఎక్కిచ్చేది ఇదే."

ముందు సీట్లో ఒక తాగుబోతు తన పెళ్లాన్ని కొడుతున్నాడు. జుట్టు పట్టి ఆమె తలను కిటికీ కడ్డీకి బాదాడు. నుదురు చిట్లి రక్తం కారింది. కండక్టరు అరిచాడు గానీ దగ్గరికి రాలేదు. వాడు మళ్లీ జుట్టు అందుకున్నాడు.

పెద్దమ్మ నా ఒళ్లోని ఆల్టర్నేటర్‌ను రెండు చేతులా ఎత్తి వాడి మోచేతి మీద బాదింది. ఎముక విరిగిన చప్పుడు బస్సంతా వినపడింది. వాడు సీట్ల మధ్య పడి కేకలు పెట్టాడు.

"నీకు ఎవురన్నా ఉండారా తల్లీ?" అని దెబ్బలు తిన్నామెను అడిగింది.

"కంభంలో అక్క ఉంది."

"దా, నేనూ ఆడనే దిగేది."

దిగబోతూ ఆల్టర్నేటర్ నా చేతికిచ్చి, "ఇరిగిందేమో చూసుకో నాయనా" అన్నది.

ఇంటికొచ్చి చూస్తే తొడుగు అంచు చిట్లి ఉంది. దానికంటిన రక్తం తుడిచి, బ్యాటరీ తీగ ఊడదీసి, దాన్ని బిగించి బెల్టు ఎక్కించాను. తీగ మళ్లీ తగిలించి స్టార్ట్ చేస్తే మీటరులో అంకె పెరిగింది.

"అంచు విరిగిందిగా, మార్చుకురా" అన్నది మా ఆవిడ.

బస్సులో జరిగిందంతా చెప్పాను. ఆమె ఆ చిట్లిన అంచునే చూస్తూ చాలాసేపు బానెట్ మూయనివ్వలేదు.