సైడ్ అనే తోక

నా చిన్నప్పుడు మా కొత్తపేట వైపు ఖాళీ డబ్బాని పారేసే ఇల్లాలు ఉండేది కాదు. మా అమ్మకైతే డబ్బాల పిచ్చి మరీ ఎక్కువ. నాన్నగారు వరికి పురుగుమందు కొట్టి పడేసిన డబ్బాను బూడిదతో, కుంకుడు రసంతో తళతళలాడేలా తోమి, మర్నాడు అందులో మంచినీళ్లు నింపింది. చేలో ఉన్న నాన్నగారికి నేను పట్టుకెళ్లాలి. దారిలో దాహమేస్తే నన్నూ తాగమంది.

గుమ్మం దాటుతుంటే పక్కింటి అక్క ఆపింది. ఆవిడ అమలాపురం కాలేజీలో చదివేది. ఎంత తోమినా పోని ఇంగ్లీషు మాట ఒకటి డబ్బా మీద మిగిలి ఉంది. దాని చివర వేలు పెట్టి, 'సైడ్' అనే ఈ తోక లాటిన్ అన్న పాత భాషలోంచి వచ్చిందనీ, చంపడమని దాని అర్థమనీ చెప్పింది. ముందు పురుగు పేరుంటే పురుగుని, బూజు పేరుంటే బూజుని, మనిషి పేరుంటే మనిషిని. ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, హోమిసైడ్. 

అమ్మ నమ్మలేదు. "శుభ్రంగా తోమేనమ్మా. వాసన కూడా లేదు," అంది.

అక్క మా పెరటి గుంటలోంచి చేపపిల్లను పట్టి గ్లాసులో వేసి, డబ్బాలోని నీళ్లు పోసింది. అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాం. కాసేపు అది బాగానే తిరిగింది. అమ్మ నవ్వబోయింది కూడా. అంతలో గింగిరాలు కొట్టి, పొట్ట పైకి తేలి, నోరు తెరుచుకుని ఆగిపోయింది. అమ్మ నన్ను గట్టిగా దగ్గరకు లాక్కుంది.  ఆ డబ్బాకి గునపంతో చిల్లులు పొడిచి దూరంగా పాతేశారు.

సాయంత్రం అక్క నన్ను మా చేను గట్టుకి తీసుకెళ్లింది. ఆ వేళకి కప్పల రొదతో చెవులు హోరెత్తాలి. వరి ఆకులు రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. బోదె కాలవ నీళ్లలో కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి. ఒక కొంగ వాటిని ముట్టకుండా చూస్తూ నిలబడింది.

"డబ్బా మీద కప్ప పేరు లేదు కదక్కా," అన్నాను.

"లేదమ్మా. ఆ తోకకి ముందున్న పేరుతో పనిలేదు," అంది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లోకి ఏ డబ్బా వచ్చినా ముందు మాట చివర చూస్తాను. వానాకాలం రాత్రుళ్లు కప్పలు అరుస్తుంటే పిల్లలు విసుక్కుంటారు. నాకు ఆ రొదలోనే నిద్ర పడుతుంది. ఉన్నట్టుండి అవి ఆగిపోతే మాత్రం లేచి కూర్చుని, మళ్లీ ఒక్కటైనా అరిచేదాకా వింటూ ఉంటాను.