ఏడు కుటుంబాల విల్లా

పక్క ఫ్లాట్‌లో ఎవరో ప్లైవుడ్ కోస్తున్నారు. ఆ పొట్టు వాసన కిటికీలోంచి వచ్చేసరికి, నలభైకి దగ్గరపడిన ఈ వయసులో కూడా నా అరచేతులకు చెమట పడుతోంది.

నా చిన్నతనంలో దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఒక పాత విల్లాను ప్లైవుడ్ గోడలతో ఏడు ముక్కలు చేసి, ఏడు కుటుంబాలకు కిరాయికి ఇచ్చారు. ఒక గదిలో జగిత్యాల నుంచి వచ్చిన మేము, గోడకు అవతల హైదరాబాద్ నుంచి వచ్చిన షాహీన్ ఖాలా కుటుంబం. పిల్లలందరికీ ఆమె పిన్నమ్మే. ఎండాకాలం ఏసీలన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోయేది, పిల్లలమంతా నడవాలో చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని గవ్వలతో పచ్చీసు ఆడేవాళ్ళం. రంజాన్‌లో ఖాలా చేసే దహీ వడలు, బతుకమ్మకు అమ్మ కలిపే సత్తుపిండి ఆ నడవాలోనే చేతులు మారేవి.

అలా ఇళ్ళను విడగొట్టడం నిషేధమని పెద్దలకు తెలుసు. గేటు చప్పుడైతే చాలు, ఏడు గదుల్లోనూ మాటలు ఆగిపోయేవి. కిరాయి కాగితం మా పేరున లేదు. గది పోయి, మరొకటి దొరక్కపోతే నాన్న కుటుంబాలను ఉండనివ్వని కంపెనీ క్యాంపుకు, అమ్మా నేనూ ఊరికి వెళ్ళాల్సిందే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే తనిఖీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఖాలా నా భుజం మీద చెయ్యి వేసి, "హమ్ సబ్ ఏకిచ్ ఫ్యామిలీ, సాబ్" అంది, మేమంతా ఒకటే కుటుంబమని. వాళ్ళలో పెద్దాయన నా ముందు వంగి, ఈ ఇంట్లో ఎన్ని కుటుంబాలున్నాయని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు. టీచరుకు చెప్పినట్టే నిటారుగా నిలబడి చెప్పాను. "సెవెన్, సర్."

ఖాలా నన్ను తన వెనక్కి లాక్కుంది. వారంలో ఖాళీ చేయాలని తలుపుకు నోటీసు అంటించి వెళ్ళారు.

నేను మంచం కిందికి దూరాను. సాయంత్రం మగవాళ్ళంతా నడవాలో చేరి, ఎవరు చెప్పారని గట్టిగా అడుగుతుంటే ఇంకా లోపలికి, గోడ దాకా జరిగాను. అప్పుడు ఖాలా గొంతు వినిపించింది. "ఎవ్వలు చెప్పలే భయ్యా. వాళ్ళే తలుపులు లెక్కవెట్టుకున్నరు."

అమ్మ నేల మీద పడుకుని మంచం కిందికి చూస్తూ, "రా బిడ్డా, నిన్నెవ్వలేమనరు" అంది. నేను నమ్మలేదు.

నాన్నకు దోహాలోనే అల్ మన్సూరాలో చిన్న గది దొరికింది, కాగితం కూడా ఆయన పేరునే. ఖాలా వాళ్ళకు ఏదీ దొరకలేదు. ఆమె కూతుళ్ళను తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయిన రోజు, నన్ను పిలిచి పిలిచి అలిసిపోయింది. నేను బాత్రూం గడియ తీయలేదు.

ఇప్పుడు ఆ విల్లాలో అడ్డుగోడలు లేవు, ఒకే కుటుంబం ఉంటోంది. మేమక్కడ బతికామని చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఖాలా ఎక్కడుందో ఎంతమందిని అడిగినా తెలియలేదు.