లెన్స్ మీద నెపం

నేను కాలేజీలో చేరిన ఏడు నాన్న ఒక పాత కెమెరా కొన్నాడు. ఆయన రాయ్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. ఆదివారం డ్యూటీ లేకపోతే మమ్మల్ని క్వార్టరు ముందు వరసగా నిలబెట్టేవాడు.

ఆ కెమెరా కంట్లోంచి చూస్తే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. ముందున్న రింగు తిప్పుతూ రెండింటినీ ఒకటి చేసి, అప్పుడు మీట నొక్కాలి. నాన్న ఎంతో శ్రద్ధగా తిప్పేవాడు. మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. తీరా ఫొటోలు వస్తే అన్నీ మసకే. అమ్మకు ముక్కుపుడక ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

"లెన్స్ ఖరాబే. మోసపోయినాను," అని నాన్న విసుక్కునేవాడు.

స్టూడియో అతను మాత్రం, "లెన్స్ బిల్కుల్ ఠీక్ హై," అని అందులో ఏ లోపమూ లేదనేవాడు. చెయ్యి వణుకుతోందేమో చూసుకోమన్నాడు. ఆ మాటకు నాన్నకు పౌరుషం వచ్చింది.

ఏదైనా తేల్చుకోకుండా ఊరుకోలేని రోగం నాది. ఒక ఆదివారం పొద్దున ఎదురు గోడకు మా తెలుగు క్యాలెండరు తగిలించి, బల్ల మీద కెమెరా కదలకుండా పెట్టాను. మొదట నాన్న రింగు తిప్పి ఒక ఫొటో తీశాడు. తర్వాత నేను రింగును మళ్లీ మొదటికి తెచ్చి, నా కంటితో సరిచూసుకుని ఇంకొకటి తీశాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లాను. నాన్న తీసినదాంట్లో ఎర్ర మరకలే తప్ప అంకెలు లేవు. నేను తీసినదాంట్లో తిథి, నక్షత్రం కూడా చదవచ్చు. లెన్స్ మంచిదే. కెమెరా కదల్లేదు. ఇక మిగిలింది నాన్న కళ్లు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు మొదట పట్టుకుంది ఉద్యోగ భయమే. డ్రైవర్లకు కళ్ల పరీక్ష ఉంటుంది, తప్పితే ఇంజను మీంచి దింపేస్తారు. ఆయన నడిపే బండిలో కూర్చునేవాళ్ల సంగతి రిక్షా ఎక్కాక గాని గుర్తు రాలేదు. ఆ రోజు మూడింటికి నాన్నకు డ్యూటీ. "జల్దీ చలో భయ్యా," అని తొందరపెడుతూ రిక్షా అతన్ని దారి పొడుగునా సతాయించాను.

వెళ్లేసరికి నాన్న బూట్లు తొడుక్కుంటున్నాడు. రెండు ఫొటోలూ చేతికిచ్చాను. గుమ్మంలో వెలుగుకు పట్టి చూశాడు.

"ఏటమ్మా, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నీదేది?"

నాది తీసుకుని అందులో తిథులు పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో వరసలోనే చాలన్నట్టు చెయ్యెత్తాడు.

"సిగ్నల్ రంగు కనిపిస్తాది నాకు," అన్నాడు, నేనేదో పెద్ద ఆఫీసరునైనట్టు.

"ఎంత దూరం నుంచి నాన్నా?"

నాన్న వంగి రెండో బూటు అందుకున్నాడు. "ఇవాళ వెళ్లకు," అని ఏడ్చేశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏం జరిగిందో అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నాన్న బూట్లు విప్పేశాడు. ఒంట్లో బాగాలేదని పక్క క్వార్టరాయనతో కబురు పంపాడు. మంచం మీద కూర్చుని, మా వైపు చూడకుండా అన్నాడు:

"మొన్న మందిర్ హసౌద్ స్టేషను కాడ ఎర్ర సిగ్నల్ నాకు కనపడలేదమ్మా. ఇంజన్లో పక్కనున్న ఫైర్‌మన్ అరిస్తే బ్రేకేసినాను."

మొన్న ఆయన నడిపింది ప్యాసింజరు బండి.