సాక్ష్యం చెప్పిన తరువాత

మా సంఘంలో మేలు పొందినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. ఉద్యోగం వచ్చినా, కాన్పు సుఖంగా జరిగినా ఆదివారం మైకు దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు చెప్తారు. చెప్పకపోతే మేలు చేసిన దేవుడికి మొహం చాటేసినట్టు. అయితే ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఎక్కడా లేదు. నా స్నేహితుడు దాని కోసం వెతికాడు.

మాది గోదావరి జిల్లా, అతనిది విజయనగరం వైపు పల్లె. గాజువాకలో ఒకే గదిలో అద్దెకున్నప్పుడు కలిశాం. నేను స్టీల్ ప్లాంటులో చేరి అక్కడే రిటైరయ్యాను. అతను పోర్టులో సరుకులు విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర కాగితాలు మోసే పనిలో చేరి, తరువాత సొంతంగా లైసెన్సు తెచ్చుకున్నాడు. కంటైనర్లు లాగే ట్రైలర్లు కొన్నాడు. రుషికొండ దారిలో ఇల్లు కట్టుకున్నాడు. డబ్బు వచ్చాక మారనివాళ్లు ఉంటారని నేను నమ్మను. అతనూ మారాడు, కానీ మంచివైపే మారాడు. తాగి బండి తీసిన డ్రైవరును పనిలోంచి తీసేసేవాడు కాదు. కొన్నాళ్లు క్లీనరుగా దించి, మళ్లీ స్టీరింగు ఇచ్చేవాడు. ఏటా డిసెంబరులో సెమీ క్రిస్మస్ జరిపించి, అన్ని పార్టీల నాయకులనూ పిలిచి కేకు కోయించేవాడు. ఎన్నికలు దగ్గర పడితే ఆ వేదిక మీద కుర్చీలు చాలేవి కావు. వాళ్ల చేత పేటలకు నీళ్ల పైపులు, శ్మశానానికి ప్రహరీ గోడ వేయించాడు. తనకోసం ఏమీ అడగలేదు.

అతనికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషను చేసి, కీమో ఇచ్చారు. కొన్నాళ్లకు తీసిన స్కాను చూసి డాక్టరు, "ప్రస్తుతానికి ఏమీ కనిపించడం లేదు. వస్తూ ఉండండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ డిసెంబరులో అతను సాక్ష్యం చెప్పాడు. మైదానం నిండా జనం. ఆపరేషను సంగతి చెప్పాడు, కీమో సంగతి చెప్పాడు. 'ప్రస్తుతానికి' అన్న మాట చెప్పలేదు. అంత సంతోషంలో ఉన్నవాడికి ఆ మాట గుర్తుండదు. సంఘం కుర్రాళ్లు పెట్టిన వీడియోలో ఆపరేషను కూడా లేదు. మరీ పొడుగైందని ముందు భాగం కోసేశారు. మిగిలింది ఒకటే, డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారని. అది ఎన్ని ఫోన్లకు చేరిందో ఎవరికీ తెలియదు.

తరువాత జనం ఇంటికి రావడం మొదలైంది. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, బస్సులు మారి వచ్చేవాళ్లు. జబ్బు మనిషిని వరండాలో కూర్చోబెట్టి, అతని చెయ్యి తల మీద పెట్టించుకునేవాళ్లు. అతను ప్రార్థన చేసి, అన్నం పెట్టి పంపేవాడు. మందులు మానొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. అది వినయం అనుకునేవాళ్లు.

జబ్బు తిరగబెట్టింది. ఈసారి కాలేయానికి పాకింది. పేగు మూసుకుపోతే పొట్టకు రంధ్రం చేసి, మలానికి సంచి అమర్చారు. ఆ సంగతి అతనికి, అతని భార్యకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెన్నైలో పని ఉందని చెప్పి ఆస్పత్రికి వెళ్లొచ్చేవాడు.

ఆ రోజుల్లోనే భీమిలి నుంచి ఒక ఆటో డ్రైవరు, అతని భార్య వచ్చారు. ఆమెకు రొమ్ములో గడ్డ. చూడటానికి బాగానే ఉంది. నవ్వుతోంది కూడా.

"నీ ఈడియో రోజూ ఇంటన్నాను అన్నయ్యా. రెండు కీమోలయ్యాక మానీసినాను. ఒల్లు తేలిగ్గా ఉంది. నీకు సేసిన దేవుడు నాకు సెయ్యడేటి?"

"మానకూడదమ్మా. నానెప్పుడూ మాననేదు. రేపే ఆస్పత్రికెల్లండి."

ఆమె మొగుడు నవ్వాడు. "మీరలాగంటారని ముందే సెప్పినాది బాబూ. దారంతా ఒకటే గొడవ. అన్నయ్య పరీచ్చ పెడతాడు, నాను పాసవుతానని."

అతను నా వైపు చూశాడు. తరువాత ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆటో వెళ్లిపోయాక నా వైపు తిరిగాడు.

"సూసినావేటి బావా? నాది తిరగబెట్టిందని ఒక్క మాట సెప్పనేకపోనాను."

"ఎందుకని?"

"నా మొకమే సూత్తంది బావా. పెల్లిసూపుల్లో కూడా నన్నెవరూ అలాగ సూడనేదు."

చెప్పి తీరాలని ఆ రోజే అనుకున్నాడు. ఆమె ఒక్కతే కాదు, ఇంకెంతమంది మానేశారో అన్నది అతని భయం. అతని భార్య ఒప్పుకోలేదు. ఆవిడ చెడ్డది కాదు. "మీ మాట మీద ఎంతమంది ప్రార్థనలోకి వచ్చారు. ఇప్పుడు కాదంటే వాళ్లు ఎక్కడికి పోతారండీ?" అంది.

పాస్టరు అయ్యగారిని అడగడానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. అయ్యగారు అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు. "రోగం వచ్చిందని సాక్ష్యం చెప్పడం ఎక్కడుంది సోదరా? ప్రార్థన మనవి అని రాసివ్వండి. పేరు లేకుండా నేనే చదువుతాను" అన్నారు.

"పేరుతోనే కదండి అయ్యగారూ అప్పుడు సెప్పినాను" అన్నాడు ఇతను.

ఆదివారం మైకు దగ్గర అతను మాట్లాడింది కొద్దిసేపే. జబ్బు మళ్లీ వచ్చిందని, తను ఏ రోజూ మందులు మానలేదని, తన వీడియో చూసి మానినవాళ్లు ఇవాళే మొదలుపెట్టాలని చెప్పాడు. ఇంకేదో చెప్పబోయాడు. ముందు వరుసలో ఎవరో గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నారు. దాని వెనక అందరూ లేచి చేతులెత్తారు. అయ్యగారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, ఇది శోధన కాలమని, దేవుడు పెట్టిన పరీక్ష అని, మన సోదరుడు మళ్లీ లేచి ఇంతకంటే గొప్ప సాక్ష్యం చెప్తాడని అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అతను మైకు పక్కన నిలబడే ఉన్నాడు. ఆ వారం సంఘం కుర్రాళ్లు పెట్టే లైవ్ వీడియోలో అతను మాట్లాడినంతసేపు ధ్వని రాలేదు. ఎవరైనా ఆపారో, నిజంగానే చెడిపోయిందో నాకు తెలియదు.

చెప్పులు వేసుకునే చోట ఒక సంఘపెద్ద అతన్ని ఆపాడు. "అలాగనీసినారేటి బావగారూ? నోటితో ఒప్పుకుంటే రోగానికి మనమే కుర్చీ ఏసినట్టు కాదేటి?"

"అది కుర్చీ అడగనేదండి. వచ్చి కూకున్నాది" అన్నాడు.

ఆ తరువాత వరండా ఖాళీ అయింది. నాయకుల ఫోన్లు తగ్గాయి. ఏదో పాపం దాచి ఉంటాడని అనుకుంటున్నట్టు నా చెవిన కూడా పడింది.

భీమిలి వాళ్లకు ఫోను చేస్తే ఆమె ఎత్తి, ప్రార్థన చేయమని పెట్టేసేది. చివరికి నన్ను వెంటబెట్టుకుని స్వయంగా బయలుదేరాడు. కారు వెనక సీటులో దిండు పెట్టుకుని కూర్చున్నాడు. బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆమె మంచం మీద ఉంది. ఆ నవ్వు లేకపోతే గుర్తుపట్టేవాణ్ని కాదు.

అతను చెప్పాడు. ఆమె తల ఊపుతూ వింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. అప్పుడు అతను చొక్కా ఎత్తి, పొట్టకు అంటించిన సంచి చూపించాడు. నా స్నేహితుడు సిగ్గరి. గదిలో కలిసి ఉన్న రోజుల్లో నా ముందు కూడా చొక్కా విప్పేవాడు కాదు.

ఆమె దాన్ని చూసింది. లేచి, అతని చొక్కా కిందికి లాగింది.

"నువ్వు బయపడిపోనావు అన్నయ్యా. బయం దూరినోలికి ఇలాగే అవుద్ది. నాను బయపడ్ను. నీకోసం ఉపాసం ఉంటాను." అని అతన్ని మంచం అంచున కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆయాసంతో మధ్యలో రెండు మూడుసార్లు ఆగింది.

గుమ్మంలో ఉన్న మొగుణ్ని బతిమాలాడు. "నువ్వైనా తీసుకెల్లు తమ్ముడూ. అంతా నాను సూసుకుంటాను."

"అది రానంటే నానేటి సెయ్యాల బాబూ?" అన్నాడు మొగుడు, వీధిలోని ఆటో వైపు చూస్తూ.

తిరుగు దారిలో కారు భీమిలి దాటింది. తరువాత, "బాగా సేసినాది బావా ప్రార్థన. నాకంటే బాగా సేసినాది" అన్నాడు. కారు ఆపమని, దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు.

వర్షాలు మొదలయ్యాక అతను చనిపోయాడు. చివరి వారాల్లో నేను బైబిలు వాక్యం చదివి వినిపించేవాణ్ని. ఒక రోజు చాలు అన్నట్టు చెయ్యి ఎత్తాడు. మళ్లీ చదవమనలేదు. అది అలసటో మరొకటో నేను అడగలేదు.

భూస్థాపనకు జనం బాగా వచ్చారు. నాయకులు కూడా వచ్చారు. పోయాక రావడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. మాట్లాడినవాళ్లలో ఒకాయన ఆ డిసెంబరు సాక్ష్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పి, దేవుడు జబ్బు నుంచి విడిపించిన మనిషిని గుండెపోటు తీసుకుపోయిందన్నాడు. ఎవరి గుండైనా చివరికి ఆగుతుంది కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు. అతని భార్య తల దించుకుని ఉంది.

సమాధి దగ్గర ఆటో డ్రైవరు నా పక్కకు వచ్చాడు. ఒక్కడే ఉన్నాడు.

"ఆవిడ ఎలా ఉంది?" అన్నాను.

"పోయిన నెల్లో సచ్చిపోనాది బాబూ."

"మాకు కబురే లేదే."

"సెప్పొద్దన్నాది. అన్నయ్యకి తెలిస్తే ఉన్న నమ్మకం కూడా పోద్దని." పెట్టె వైపు చూశాడు. "ఆ సంచి సూసినప్పుడే నాను నమ్మీసినాను బాబూ. సూస్తే తెలీదేటి? దానితో అననేకపోనాను. అంటే దాని నమ్మకం తీసినోణ్ని నానైపోతాను."

అప్పుడే పెట్టెను తాళ్లతో దించుతున్నారు. పాట మొదలైంది. ఆటో డ్రైవరు ముందుకు వెళ్లి గుప్పెడు మట్టి వేసి, చేతులు దులుపుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. పాట అయ్యాక అయ్యగారు ప్రార్థనకు తలలు వంచమన్నారు. నేనూ వంచాను. ఏమీ అడగలేదు.